నాన్న "నన్ను సముద్రంలో కలిపేయండి" అని రాసిపెట్టారు. ఏ పద్ధతిలో అన్నది రాయలేదు

రెండో_కూతురు:

అందరికీ నమస్కారం. ఇలాంటిది ఇక్కడ ఇంతకుముందు ఎవరైనా అడిగారేమోనని వెతికాను, దొరకలేదు. అందుకే కొత్తగా రాస్తున్నాను.

మా నాన్నకి డెబ్బై నాలుగు. పాతికేళ్ళకు పైగా సరుకు ఓడల్లో పనిచేశారు. జూనియర్ ఇంజనీర్‌గా చేరి చీఫ్ ఇంజనీర్‌గా దిగారు. ఇప్పుడు గుండె బాగా బలహీనపడింది. మనిషి కులాసాగానే ఉన్నారు, గొంతు ఇప్పటికీ ఇంజన్ రూమ్‌లో అరిచినట్టే ఉంటుంది, కానీ పది మెట్లెక్కితే ఆయాసం. డాక్టర్ మాతో చెప్పాల్సింది చెప్పేశారు.

పోయిన నెల బీరువా సర్దుతుంటే ఇన్సూరెన్స్ ఫైల్లో ఒక కాగితం కనిపించింది. పాత క్యాలెండర్ షీటు వెనకవైపు, పెన్సిల్‌తో, ఆయన చేతి రాత. మూడే వాక్యాలు. "నన్ను సముద్రంలో కలిపేయండి. ఆర్భాటం వద్దు. అమ్మని పడవెక్కించి ఇబ్బంది పెట్టొద్దు." వాటి కింద ఒక బొమ్మ. స్కేలు పెట్టి గీసిన పెట్టె, దాని ఒంటి నిండా వరసగా చిన్న చిన్న గుండ్రాలు. లెక్కపెట్టాను, నలభై రెండు. కొలతలు లేవు, పేరు లేదు.

అక్క, తమ్ముడు, నేను ముగ్గురం ఆ కాగితం చూసి మూడు రకాలుగా అర్థం చేసుకున్నాం. దహనం చేసి అస్థికలు నీళ్ళలో వదలడమే అంటుంది అక్క. తమ్ముడేమో ఇంటర్నెట్‌లో ఏదో చూసి, బూడిదని కాంక్రీటులో కలిపి సముద్రం అడుగున పెడతారట, చేపలకి ఇల్లవుతుందట, అలా చేద్దాం అంటున్నాడు. నాకు మాత్రం ఆ చిల్లుల పెట్టె చూస్తే బాడీని బాడీగానే దించమన్నారేమో అనిపిస్తోంది. నీళ్ళలో కరిగే కలశాలు కూడా ఉన్నాయని చదివాను. వాటిలో మళ్ళీ ఉప్పుది, కాగితంది.

మేం ఏ దేశంలో ఉన్నామో కావాలనే రాయట్లేదు. ఇక్కడి నియమాలు సంబంధిత ఆఫీసులో విడిగా కనుక్కుంటున్నాను. నాకు కావాల్సింది వేరే. వీటిలో ఏదైనా కళ్ళతో చూసినవాళ్ళు ఉంటే, ఎంచుకునేటప్పుడు దేన్ని బట్టి ఎంచుకోవాలో చెప్పండి. నాన్ననే అడగొచ్చు కదా అంటారు. నోరు రావట్లేదండీ.


గాలిపటం:

పోయాక ఎలా వేస్తే ఏముందండీ, ఆయనకి తెలుస్తుందా? ఏది సులువైతే అది చేసేయండి. ఏమనుకోకండి.


రెండో_కూతురు:

ఏమీ అనుకోనండి. ఆయనకి తెలియకపోవచ్చు, మాకు తెలుస్తుంది కదా.


పాత_చీఫ్_ఆఫీసర్:

అమ్మా, నేను డెక్ వాణ్ణి, మీ నాన్నగారు ఇంజన్ వారు. ఓడ మీద మా రెండు జట్లకీ పాము ముంగిస వ్యవహారం. అయినా చెప్తాను.

ముందు ఆ బొమ్మ సంగతి. చూడకుండానే చెప్పగలను, అది శవపేటికే. బాడీని పెట్టెతో సహా దించేటప్పుడు పెట్టెకి చిల్లులు వేసి తీరాలి. వేయకపోతే అది పెట్టె కాదు, పడవ. హాయిగా తేలుతూ పోతుంది. లోపలి గాలి బయటికి పోవాలి, నీళ్ళు లోపలికి రావాలి, అడుగున బరువుండాలి. ఇంజనీర్ కాబట్టి ఆయన చిల్లులు కూడా గీసి పెట్టారు. నలభై రెండంటే లెక్క కూడా బాగానే ఉంది.

ఇక నేను చూసినవి. బాడీని దించడం నా సర్వీసు మొత్తంలో ఒక్కసారే చూశాను, క్యాడెట్‌గా ఉన్న రోజుల్లో. నడి సముద్రంలో మా సరంగు, అంటే డెక్ పనివాళ్ళ మేస్త్రీ, పోయాడు. నిద్రలోనే. తర్వాతి పోర్టు తొమ్మిది రోజుల దూరం, మాంసం దాచే చల్లగది కంప్రెసర్ అప్పటికే మూలపడింది. కంపెనీ వాళ్ళు ఇంటివాళ్ళని అడిగి ఒప్పించి మాకు కబురు పంపారు. ఇప్పుడైతే ఇలా జరగడం బాగా అరుదు. చల్లగదిలో పెట్టి తర్వాతి పోర్టులో దింపి ఇంటికి పంపుతారు. కోవిడ్ రోజుల్లో దింపనివ్వని పోర్టులూ ఉన్నాయి, అది వేరే కథ.

సరంగుని కాన్వాస్‌లో పెట్టి కుట్టారు. ఆ సూది మామూలు సూది కాదు, మూడు పలకలుగా ఉంటుంది. అరచేతికి తోలు పట్టీ వేసుకుని దాంతో నెట్టాలి. కుట్టినవాడు ఆయన కింద పదేళ్ళు పనిచేసినవాడే. ఒక్కో కుట్టూ లాగి చూసుకుంటూ కుట్టాడు, సరుకు గది మీద కప్పే హాచ్ కవర్ గుడ్డ కుట్టేటప్పుడు సరంగు వాణ్ణి ఎలా కుట్టమనేవాడో అలాగే. కాళ్ళ దగ్గర పాత షాకిళ్ళు, అంటే గొలుసులు కలిపే ఇనుప కొంకీలు, ఒక గొలుసు ముక్క పెట్టారు. ఓడని నెమ్మది చేశారు. పలక ఒక చివర రైలింగ్ మీద పెట్టి రెండో చివర ఎత్తారు. మూట జారింది.

జారి వెంటనే మునగలేదు. నీళ్ళలో నిలువుగా నిలబడింది. కాళ్ళ దగ్గర బరువుంది కదా, మనిషి నిలబడ్డట్టే నిలబడింది. కాన్వాస్‌లో చిక్కుకున్న గాలి బుడగలు బుడగలుగా పోయేదాకా, ఒక పది సెకన్లు. తర్వాత వెళ్ళిపోయాడు. ఆ పది సెకన్ల గురించి మేమెవ్వరం మళ్ళీ మాట్లాడుకోలేదు. మీకు భయం పుట్టించాలని కాదు రాస్తున్నది. బాడీని దించడం అంటే చూసేవాళ్ళకి ఇది ఉంటుంది. మీ అమ్మగారు, మీరు, చిన్నపిల్లలు ఎవరెవరు ఆ పడవలో ఉంటారో ముందే ఆలోచించుకోండి.

రెండోది లోతు. తక్కువ లోతులో దించితే బాడీలో గ్యాస్ పుట్టి పైకి తెస్తుంది. బాగా లోతుకి పోతే అక్కడి చలి, నీటి పీడనం ఆ గ్యాస్‌ని పెరగనివ్వవు. పైగా తక్కువ లోతుల్లో ట్రాలర్లు అడుగుదాకా వల ఈడుస్తాయి. వలలో ఏం పడిందో చూసుకున్న జాలరి గురించి కూడా ఆలోచించాలి కదా. అందుకే చాలా చోట్ల లోతు మీద పట్టుబడతారు. అమెరికాలో బాడీకి కనీసం వంద ఫాథమ్‌లు, అంటే మన జాలర్ల లెక్కలో వంద బారలు, 183 మీటర్లు ఉండాలి. తీరం పక్కన సముద్రం చప్పున లోతయ్యే చోట్ల అది దగ్గరలోనే దొరుకుతుంది. అడుగు చదునుగా సాగిపోయే చోట్ల గంటల కొద్దీ పోవాలి. పెట్టె, దాని బరువు, దాన్ని దించే ఏర్పాటు ఉన్న పెద్ద పడవ, మంచి వాతావరణం, ఇన్నీ ఒక్కరోజున కలవాలి. బాడీ అయితే నెలలు ఆగదు. అస్థికలైతే మీరు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఆగుతాయి. నన్నడిగితే అసలు తేడా ఇదే.


కాగితాల_మనిషి:

చీఫ్ ఆఫీసర్ గారు అమెరికా అన్నారు కాబట్టి అది పూర్తి చేస్తాను. నియమాలతో కుస్తీ పట్టడమే నా ఉద్యోగం, ఇది చదివి పెట్టుకున్నాను.

అక్కడ బాడీకైనా బూడిదకైనా తీరం నుంచి 3 నాటికల్ మైళ్ళు దాటి పోవాలి, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు. వంద ఫాథమ్‌ల లోతు నియమం బాడీకే, బూడిదకి లోతుతో పని లేదు. ఫ్లోరిడా చుట్టూ కొన్ని చోట్ల, మిసిసిపీ నది కలిసే చోట బాడీకి 300 ఫాథమ్‌లు కావాలి. ముందస్తు పర్మిషన్ అక్కర్లేదు, అయిపోయాక 30 రోజుల్లోపు పర్యావరణ సంస్థకి తెలియజేయాలి. పూలు వేయొచ్చు, ప్లాస్టిక్ పూలు వేయకూడదు. పెంపుడు కుక్క బూడిద కూడా కలిపి వేస్తాం అంటే కుదరదు.

ఇంగ్లండ్‌లో తీరు వేరు. బూడిదకి లైసెన్సే వద్దు. బాడీకి మాత్రం లైసెన్సు కావాలి, దానికని గుర్తించిన చోట్లు మూడే, వైట్ ద్వీపం పక్కన నీడిల్స్ దగ్గర, హేస్టింగ్స్ న్యూహేవెన్‌ల మధ్య, టైన్‌మౌత్ దగ్గర. బాడీకి ఎంబామింగ్, అంటే పాడవకుండా రసాయనాలు ఎక్కించడం, చేయకూడదు. పెట్టె మెత్తటి చెక్కదై ఉండాలి, సీసం, రాగి, జింకు, ప్లాస్టిక్ ఏదీ ఉండకూడదు. 2 అంగుళాల చిల్లులు 40 నుంచి 50 దాకా, అడుగున 200 కిలోల ఇనుమో కాంక్రీటో. మీ నలభై రెండు గుండ్రాలు ఆ లెక్కలోకే వస్తాయి, చదివి నాకూ ఒళ్ళు జలదరించింది. ఇంకోటి, మెడకి చెరగని ట్యాగ్ కట్టాలి, అంత్యక్రియలు చేసినవాళ్ళ ఫోన్ నంబరుతో. ఎందుకో చెప్పక్కర్లేదు. తిరిగొచ్చే అవకాశం ఉందని నియమం రాసినవాళ్ళకీ తెలుసన్నమాట.

జర్మనీలో అసలు బాడీ ప్రశ్నే లేదు. దహనం చేసి, కరిగిపోయే కలశంలో పెట్టి దించాల్సిందే. దించిన చోటు గుర్తు పెట్టిన సముద్రపు మ్యాప్ ఇంటివాళ్ళకి ఇస్తారు. హాంకాంగ్‌లో బూడిద చల్లడానికి ప్రభుత్వమే ఉచితంగా ఫెర్రీ నడుపుతుంది. ఒక్కో దేశానిది ఒక్కో తీరు కాబట్టి మీ ఆఫీసువాళ్ళని అడిగేటప్పుడు "సముద్రంలో అంత్యక్రియలు" అని అడగకండి. బాడీకి ఏమిటి, బూడిదకి ఏమిటి అని విడివిడిగా అడగండి. కలిపి అడిగితే కష్టమైనదాని జవాబే వస్తుంది.

ప్రముఖుల విషయానికొస్తే చాలామంది బూడిదగానే వెళ్ళారు. 1895లో కార్ల్ మార్క్స్ స్నేహితుడు ఏంగెల్స్ అస్థికల్ని ఈస్ట్‌బోర్న్ దగ్గర సముద్రంలో కలిపారు. చంద్రుడి మీద నడిచిన ఆర్మ్‌స్ట్రాంగ్‌వి 2012 సెప్టెంబర్ 14న అట్లాంటిక్‌లో నేవీ ఓడ మీద నుంచి దించారు. చిల్లుల పెట్టెకి వింత ఉదాహరణ ఒకటుంది. హత్యకు గురైన అమెరికా అధ్యక్షుడు కెనెడీ బాడీని డాలస్ నుంచి తెచ్చిన మొదటి పెట్టెని తర్వాత వాడలేదు. 1966లో ఆ ఖాళీ పెట్టెకే చిల్లులు వేసి, ఇసుక బస్తాలు నింపి, విమానంలో తీసుకెళ్ళి అట్లాంటిక్‌లో పడేశారు.


రెండో_కూతురు:

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. సరంగు గారి విషయం చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. చీఫ్ ఆఫీసర్ గారూ, అస్థికల గురించి కూడా చెప్తారా? అక్క "అందులో చూడ్డానికేముంది, వదలడమే కదా" అంటోంది.


పాత_చీఫ్_ఆఫీసర్:

మీ అక్కగారు గాలిని లెక్కలో వేసుకోలేదు.

మా మేనమామ అస్థికలు కలపడానికి వెళ్ళాం, పదకొండు మందిమి, అద్దె పడవలో. నేను ఓడల మనిషిని కదా, నన్నే ముందుకి తోశారు. గాలి ఎటు వీస్తోందో చూసుకున్నాను, గాలికి వీపు పెట్టి నిలబడ్డాను, అంతా సక్రమం. సరిగ్గా కుండ వంచే సమయానికి పడవవాడు ఫొటోకి బాగుంటుందని పడవ తిప్పాడు. అంతే. మా మేనమామ సగం సముద్రంలోకి, సగం మా మీదికి. మా చెల్లెలి కళ్ళజోడు తెల్లగా అయిపోయింది. ఆవిడ దాన్ని తీసి తుడవాలో వద్దో తెలియక అలా పట్టుకుని నిలబడింది. డెక్ మీద పడిందాన్ని పైపు పెట్టి కడుగుతుంటే నీళ్ళు ఎటు పోతున్నాయా అని అందరం చూశాం. సముద్రంలోకే పోయాయిలెండి. ఇన్నేళ్ళు ఓడ నడిపి గాలి దగ్గర ఓడిపోయాను.

అందుకని కొన్ని సంగతులు. బూడిద అంటే పొయ్యిలో బూడిదలా ఉంటుందనుకుంటారు. కాదు. కాలి నలిగిన ఎముక అది, చాలావరకు ముతక ఇసుకలా బరకగా, బరువుగా ఉంటుంది. మనిషిని బట్టి రెండు నుంచి మూడు కిలోల దాకా తూగుతుంది. బరకగా ఉన్నది వెంటనే మునుగుతుంది, సన్నది మాత్రం గాలికి లేస్తుంది, నీళ్ళ మీద కాసేపు తెల్లగా పాల మరకలా పరుచుకుంటుంది. చల్లాలనుకుంటే తలెత్తు నుంచి వంపకండి. నీటికి జానెడు ఎత్తుకి దించి వంపండి. అంతకంటే మంచిది కలశం.

ఉప్పు కలశం రాయిలా బరువు, వదలగానే మునుగుతుంది, అడుగున మెల్లగా కరుగుతుంది. కాగితపుది కొద్ది నిమిషాలు తేలి, తడిసి, తర్వాత మునుగుతుంది. ఆ తేలే నిమిషాలు కొందరికి కావాలి, కొందరు తట్టుకోలేరు. ఏదైనా సరే, ముందు మూత తీసి చూడండి. దహనశాల వాళ్ళు బూడిదని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇస్తుంటారు. ఆ సంచితో పాటే కలశంలో దింపేసి, కరిగిపోయే కలశం కొన్నాం అని సంతోషపడేవాళ్ళు ఉంటారు. కలశం కరుగుతుంది, సంచి ఉంటుంది.

విమానం నుంచి చల్లడం కూడా ఉంది. నేను చూడలేదు, చూడాలనీ లేదు.

ఇంకొక్క మాట. మా సరంగుని దించిన చోటు కెప్టెన్ లాగ్‌బుక్‌లో రాశాడు, అక్షాంశం, రేఖాంశం, టైము. ఆ రోజు పొజిషన్ లెక్క కట్టింది నేనే, చేతులు వణుకుతుంటే రెండుసార్లు కట్టాను. కొన్నేళ్ళ తర్వాత ఆయన కొడుకు ఆ పేజీ నకలు కావాలని కంపెనీకి రాశాడని విన్నాను. ఏ పద్ధతి ఎంచుకున్నా ఆ రెండు అంకెలు రాయించుకోండి. పడవవాడి జీపీఎస్‌లో ఉంటాయి. ఒక నిమిషం అక్షాంశం అంటే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. నిమిషం తర్వాత దశాంశంలో మూడు స్థానాలు రాస్తే రెండు మీటర్ల లోపు గుర్తు.


అడుగున_నేను:

నేను స్కూబా చేస్తాను కాబట్టి తమ్ముడి వైపు నుంచి రెండు మాటలు. ఆ కాంక్రీటు పద్ధతి కథ కాదు, నిజంగానే ఉంది. ఫ్లోరిడాలో 1998 నుంచి చేస్తున్నారు. గుల్లగా, చుట్టూ కిటికీల్లాంటి కన్నాలతో బోర్లించిన గిన్నెలా పోత పోస్తారు, అస్థికలు ఆ కాంక్రీటులోనే కలుపుతారు. మామూలు సిమెంటులో క్షారం ఎక్కువ, దాని మీద పగడాల లాంటివి పట్టవు. అందుకని క్షారం తగ్గించిన మిశ్రమం వాడతారు. పోత ఆరకముందు ఇంటివాళ్ళు చేతి అచ్చులు వేయొచ్చు. మయామీ పక్కన కీ బిస్కేన్ దగ్గర 2007లో తెరిచిన ఇంకో చోటు ఉంది, తీరానికి మూడు మైళ్ళు దాటి, 40 అడుగుల లోతులో. స్తంభాలు, సింహాల విగ్రహాలు పెట్టి ఊరులా కట్టారు. అక్కడికి డైవ్ చేసి వెళ్ళొచ్చు.

ఆ రెండు చోట్లా నేను దిగలేదు. అలాంటి గుల్ల కాంక్రీటు దిమ్మలు చేపల కోసం వేసిన చోట మాత్రం చాలాసార్లు దిగాను. మొదట్లో బోసిగా బూజు పట్టినట్టు ఉంటాయి, నిజం చెప్పాలంటే మురికి కాలవ పైపుల్లా ఉంటాయి. తర్వాత నాచు, గుల్లలు పట్టి, కన్నాల్లోంచి చేపలు తొంగి చూస్తుంటే అవి సిమెంటు దిమ్మలని మర్చిపోతాం.

కానీ అది ఎక్కడపడితే అక్కడ వేసేది కాదు. అనుమతి ఉన్న చోటే వేయాలి. కాబట్టి నాన్నగారు ఏ సముద్రంలో ఉంటారో మీరు కాదు, ఆ చోటు నిర్ణయిస్తుంది. ఇంకోటి, ఇది తిరిగి వెళ్ళి చూసుకోవాలనుకునేవాళ్ళ కోసం. తమ్ముడికి డైవింగ్ వచ్చా?


రెండో_కూతురు:

వాడికి ఈతే రాదండీ.


కాగితాల_మనిషి:

నవ్వకూడదు కానీ నవ్వాను. అమ్మా, ఆయన్నే అడగండి. కాగితం రాసి ఇన్సూరెన్స్ ఫైల్లో పెట్టిన మనిషి మాట్లాడటానికి సిద్ధంగానే ఉండుంటారు. దాచాలనుకుంటే అక్కడ పెట్టరు.


రెండో_కూతురు:

పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి. అడిగేశాను.

మధ్యాహ్నం కాఫీ ఇచ్చి, కాగితం ఆయన ఎదురుగా పెట్టాను. ఇది దొరికింది నాన్నా అన్నాను, అంతకంటే గొంతు పెగల్లేదు. కళ్ళజోడు పెట్టుకుని చూశారు. పైన మూడు వాక్యాలూ చదువుకుని తలాడించారు. తర్వాత బొమ్మ చూసి, ఇదెందుకు చూపిస్తున్నావ్ అన్నారు. చిల్లుల శవపేటిక కదా, బాడీని దించమన్నారా అని అడిగాను.

ఎంత నవ్వారంటే దగ్గొచ్చి, నీళ్ళు తాగించి, వీపు రాయాల్సొచ్చింది.

అది రోజ్ బాక్సట. సరుకు గదుల అడుగున చేరే నీళ్ళని తోడే పైపు చివర బిగించే జల్లెడ పెట్టె. చెత్త పైపులోకి పోకుండా ఆపుతుంది. ఏదో ఓడలో గోధుమలు నింపినప్పుడల్లా గింజలు పట్టి అది మూసుకుపోయేదట. రిటైరైన ఇన్నేళ్ళకి, దాన్ని ఇంకోలా చేసుంటే బాగుండేదని తోచి గీశారట. మూడు వాక్యాలు ఒకరోజు రాసినవి, బొమ్మ ఇంకోరోజుది, కాగితం ఖాళీగా ఉందని కింద గీశారు. కొలతలు ఎందుకు వేయలేదంటే, "చిల్లు పది మిల్లీమీటర్లు మించకూడదని అందరికీ తెలుసుగా" అన్నారు.

చీఫ్ ఆఫీసర్ గారూ, మీరు చూడకుండానే చెప్పేశారని కూడా చెప్పాను. "డెక్ వాడు కదూ" అన్నారు. సారీ అండీ.

నవ్వయ్యాక మాట్లాడటం తేలికైంది. ఒక్కొక్కటీ వరసగా చెప్పాను, మీరందరూ రాసింది రాసినట్టే. బాడీ వద్దన్నారు. పెట్టెలు చేయించడం, చిల్లులు వేయించడం, రెండొందల కిలోలు కట్టడం, ఇదంతా తమ్ముడి మీద పడుతుంది, వాడు బల్బు మార్చడానికే మనిషిని పిలుస్తాడు అన్నారు. దహనం చేసేయండి, ఇంజన్ రూమ్ వేడికి అలవాటు పడ్డవాణ్ణే అన్నారు. అప్పుడు నేను వంటింట్లోకి వెళ్ళి రెండు నిమిషాలు ఉండి వచ్చాను.

కాంక్రీటు సంగతి తమ్ముడు వీడియో కాల్‌లో తనే చెప్పాడు, చాలా శ్రద్ధగా, ఫొటోలు చూపించి. నాన్న అంతా విన్నారు, ఆ మిశ్రమం గురించి ప్రశ్నలు కూడా వేశారు. చివర్లో, "బాగుందిరా. కానీ పాతికేళ్ళలో ఒక చోట నాలుగు రోజులు ఆగింది లేదు, ఇప్పుడు తీసుకెళ్ళి ఒకేచోట పాతిపెడతావా" అన్నారు. వాడు ఇంకేం మాట్లాడలేదు. వాడి ముఖం చూసి, "చేపలంటే అంత ఇష్టమైతే అక్వేరియం కొనుక్కో" అన్నారు.

ఉప్పు కలశం అనగానే చెయ్యి అడ్డంగా ఊపేశారు. ఉప్పుతో, తుప్పుతో జీవితమంతా కొట్టుకున్నాను, చివరికి ఉప్పులోనే పెడతారా అని. కాగితపుది సరే అన్నారు. తేలే నిమిషాల గురించి చెప్పాను. ఎన్ని నిమిషాలు అని అడిగారు, కొద్ది నిమిషాలేనట అన్నాను. పర్లేదు, చూసుకోండి అన్నారు. లాగ్‌బుక్ విషయం ఆయనకి బాగా నచ్చింది, మూడు దశాంశ స్థానాలూ ఆ కాగితం మీదే నాతో రాయించారు, రోజ్ బాక్స్ పక్కన.

ఇంతలో అమ్మ వచ్చింది. ఇదంతా వంటింట్లోంచి వింటూనే ఉందని అప్పుడు తెలిసింది. ఆవిడకి పడవంటే పడదు, పెళ్ళైన కొత్తలో ఆయన ఓడెక్కి మూడు రోజులు మంచం దిగలేదట. ఆయన "అమ్మని పడవెక్కించొద్దు" అని రాసింది అందుకే. ఆవిడ నిలబడే, "నేనూ వస్తాను, మాత్ర వేసుకుంటాను" అంది. నాన్న ఆవిడ వైపు చాలాసేపు చూశారు. తర్వాత నాతో, "అయితే కలశం దించేటప్పుడు ఇంజన్ ఆపనివ్వకు. అందరూ గౌరవమని ఆపేస్తారు. ఆపితే పడవ అలకి అడ్డం తిరిగి దొర్లుతుంది, మీ అమ్మ ఆగలేదు" అన్నారు.

ఇంజన్ తిరుగుతుంటే కలశం ప్రొపెల్లర్ కిందకి పోదా? ఇదొక్కటే నాకు తేలలేదు.


పాత_చీఫ్_ఆఫీసర్:

ఇంజన్ వాళ్ళ చేతిలో ఓడిపోవడం నాకు కొత్త కాదమ్మా. రోజ్ బాక్స్! బిల్జ్‌లోకి, అంటే ఆ నీళ్ళు చేరే అడుగు గుంటలోకి, దిగి వాటిని కడిగించినవాణ్ణి, అయినా తట్టలేదు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అలకి ముక్కు పెట్టి, పడవ మాట వినేంత నెమ్మదిగా పోనివ్వమనండి. కలశాన్ని విసరకండి, గుడ్డలోనో చిన్న తాడుతోనో పక్క నుంచి దించండి, గాలి పడవ మీద నుంచి బయటికి పోతున్న వైపున. అది నీళ్ళు తాకే ముందు క్లచ్ తీయమనండి. ఇంజన్ ఆగదు, ప్రొపెల్లర్ ఆగుతుంది, పడవ ఉన్న వేగంతోనే ఇంకాస్త తిన్నగా పోతుంది. కలశం వెనక్కి జరిగిపోయాక మళ్ళీ క్లచ్ వేయొచ్చు. ముందే పడవవాడితో మాట్లాడి, ఫొటోల కోసం తిప్పొద్దని గట్టిగా చెప్పండి.


రెండో_కూతురు:

ఇది నాన్నకి చదివి వినిపించాను. "విషయం తెలిసినవాడే" అన్నారు. కాసేపాగి, "కానీ క్లచ్ తీసేది ఇంజన్ వాడు, డెక్ వాడు కాదు, అది కూడా రాయి" అన్నారు. రాశాను.